గడప లేని గది

ఆ ఎండాకాలం మా ఇంట్లోంచి ఇద్దరం ఒకే బస్సెక్కి, ఒకే గేటు దగ్గర దిగి, ఒకే బిల్డింగుకి పనికి వెళ్లేవాళ్లం. ఒకరు కట్టడానికి, ఒకరు కట్టింది సరిగ్గా ఉందో లేదో చూడడానికి. కట్టేవాణ్ని నేను. చూసేది మా కోడలు. ఇందులో అంత చెప్పుకోవాల్సిందేముంది అంటారా? మీ కోడలు మీ పనిని తనిఖీ చేసే ఆఫీసులో కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది.

నేను నేల మేస్త్రిని. గోడలదేముంది, కొంచెం అటూ ఇటూ అయినా పైన పూసే గిలాబా కప్పేస్తుంది. నేల అలా ఊరుకోదు. ఒక్క చెంబు నీళ్లు ఒంపితే చాలు, వేసినవాడి పనితనమంతా బయటపడిపోతుంది. నలభై ఏళ్లుగా ఆసుపత్రులకీ, బడులకీ, పాల డిపోలకీ, ఒకసారి సినిమా హాలుకీ నేలలు వేశాను. ఈ నలభై ఏళ్లలో నా పని ఒక్క అడుగు మేర కూడా ఎవరూ పగలగొట్టించలేదు. ఈ మాట రోజూ చెబుతానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. అబద్ధం. రోజు విడిచి రోజు చెబుతాను. మోకాళ్లు అరిగిపోయి, వచ్చే ఏడు పని మానేద్దామనుకుంటున్న మనిషికి చెప్పుకోవడానికి ఇంకేముంటుంది? ఆ ఒక్క మాటనీ చెక్కుచెదరకుండా ఇంటికి తెచ్చుకోవాలన్నదే అప్పటి నా ఆశంతా.

మేం కడుతున్నది అణు విద్యుత్ కేంద్రాలకి ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీ. కరెంటు పుట్టేది అక్కడ కాదు. పొడిని బిళ్లలుగా నొక్కి, కాల్చి, సన్నటి గొట్టాల్లో పేర్చి పంపిస్తారు. యంత్రాలు ఇంకా రాలేదు, పొడి అసలే రాలేదు. ఉన్నదల్లా సిమెంటూ, ఇనుమూ, మేమూ. అయినా తనిఖీ వాళ్లు మాత్రం పునాదులప్పుడే దిగిపోయారు. వాళ్లు కంపెనీ మనుషులు కారు. కంపెనీ మీద ఓ కన్నేసి ఉంచమని పైనుంచి పంపిన భద్రతా ఆఫీసు. గేటు పక్కన రేకుల షెడ్డు, అందులో నాలుగు బల్లలు. నాలుగో బల్ల మా కోడలిది.

ఉద్యోగంలో చేరిన రోజే, ఎవరూ అడక్కుండానే, ఆ పిల్ల తన ఆఫీసరు దగ్గరికి వెళ్లి, "సార్, నేలలు వేసే మేస్త్రి మా మామగారు" అని చెప్పేసింది. ఆ ఆఫీసరుకి సైటంతా కలిసి పెట్టిన పేరు భూతద్దం. దేన్నయినా ముక్కు ఆనేంత దగ్గర నుంచి చూస్తాడు. ఆయన మా కోడల్ని కూడా ఒకసారి అంత దగ్గర నుంచీ చూసి, "అయితే ఆయన పని నువ్వు చూడకమ్మా. ఆయన వేసిన గదుల్లోకి కూడా వెళ్లొద్దు. అవి నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట రిజిస్టర్లో రాసి, మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాడు. మామా కోడళ్ల మధ్య రిజిస్టరు అడ్డం రావడం మా ఇంటావంటా లేదు.

ఇంట్లో మా ఆవిడ ఇంకో రూలు పెట్టింది. "గేటు అవతలి సంగతి ఇక్కడ ఎవరెత్తినా సరే, కంచం తీసేస్తాను" అంది. మావాడు రైలు డ్రైవరు, వారంలో మూడు రోజులుంటే ఎక్కువ. వాడు లేని రోజుల్లో నేనూ కోడలూ ఎదురెదురుగా కూర్చుని, ఎండల గురించి ఓ మాట, కుళాయి నీళ్ల గురించి ఓ మాట అనుకుని లేచేవాళ్లం. చివరికి రూలు పెట్టిన మనిషికే విసుగొచ్చింది. "ఇద్దరు మూగవాళ్లకి వడ్డిస్తున్నట్టుంది" అని గొణిగేది. బస్సులో కూడా అంతే. ఆమె ముందు వరసలో, నేను వెనక. నాకు ఆ పిల్లంటే ఇష్టం. గ్యాసు కట్టేశారా అని ఒకసారి అడిగి, కట్టేశామని చెప్పాక వెళ్లి మళ్లీ చూసొచ్చే రకం. మా ఆవిడకి అది చాదస్తంలా కనిపించేది గానీ నాకు మాత్రం మేస్త్రి లక్షణంలా అనిపించేది. ఆ సంగతి ఆమెతో ఎప్పుడూ అనలేదు.

ఆ బిల్డింగులో ఒక గదిని అందరం తడి గది అనేవాళ్లం. బిళ్లలు చేయగా మిగిలిన తుక్కుని అక్కడ ద్రావకాల్లో కరిగించి మళ్లీ పనికొచ్చేలా చేస్తారట. గదంతా గొట్టాలూ పాత్రలే ఉంటాయట. ఆ గది నేల ఎలా ఉండాలో గీసిన బొమ్మ నా చేతికొచ్చినప్పుడు నేను రెండుసార్లు తిప్పి చూశాను. నేల అద్దంలా చదునుగా ఉండాలట. నీళ్లు పోవడానికి ఏ మూలకీ వాలు లేదు, తూము లేదు. గుమ్మానికి గడప కూడా లేదు.

సైటు ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. "అయ్యా, ఈ బొమ్మ గీసినాయన ఇంట్లో ఎప్పుడైనా నేల కడిగాడా? తడి గదంటున్నారు, నీళ్లు పోయే దారేదీ? పోనీ, బయటికి పోకుండా గడపేదీ?"

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "గీసినట్టు చెయ్ మేస్త్రీ. ఎందుకూ ఏమిటీ మనకనవసరం."

మనకనవసరం అనే మాట నా ఒంటికి పడదు. అయినా గీసినట్టే చేశాను. అలాంటి నేల మళ్లీ వెయ్యలేను, అంత బాగా కుదిరింది. భూతద్దం వచ్చి, మోకాళ్ల మీద పాక్కుంటూ గదంతా కొలిచాడు. అడుగడుక్కీ పరికరం పెట్టి, అంకె చెప్పి, రాయించాడు. రెండు గంటలు పట్టింది. చివర్లో లేచి మోకాళ్లు దులుపుకుని, "మేస్త్రీ, నువ్వు గచ్చు వేశావా, నీళ్లు గడ్డ కట్టించావా?" అన్నాడు. ఆయన నోట్లోంచి మెచ్చుకోలు రావడం ఎవరూ వినలేదట. నేను మూడు రోజులు గాల్లో తేలుతూ తిరిగాను. ఇంట్లో చెప్పుకుందామంటే రూలొకటి ఏడ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఓ పది రోజుల తర్వాత పక్క గదిలో పని ముగిశాక తట్టలో కొంచెం సిమెంటు మాలు మిగిలింది. మంచి మాలు, పారబోయడానికి చేతులు రాలేదు. ఆ తడి గది గుమ్మం దగ్గర నిలబడి చూశాను. బోసిగా కనిపించింది. రేపు లోపల ఏ గొట్టమో కారితే నీళ్లన్నీ నడవాలోకి వచ్చేస్తాయి కదా అనిపించింది. గీసినాయన మర్చిపోయి ఉంటాడు, అడిగితే ఇంజనీరు కసురుకుంటాడు. మంచి పని చెయ్యడానికి ఒకరిని అడిగేదేమిటని, కూర్చుని మూడు వేళ్ల ఎత్తున గడప కట్టేశాను. అంచు గుండ్రంగా తిప్పాను, ఎవరైనా తట్టుకున్నా కాలికి దెబ్బ తగలకుండా. నా పనితనమంతా ఆ గుండ్రంలోనే ఉంది. నా తరఫున ఆ గదికి అదో కానుకలా అనిపించింది.

ఎవరైనా ఏమైనా అన్నారా? ఒక్కరూ అనలేదు. భూతద్దం సంతకం అప్పటికే అయిపోయింది కాబట్టి ఆయన మళ్లీ రాలేదు. నేలకి పూత పూసేవాళ్లు వచ్చి గడపకి కూడా పూశారు. తలుపులవాళ్లు వచ్చి, ఉన్న గుమ్మం కొలుచుకుని, దానికి తగ్గట్టు తలుపు చేయించుకొచ్చి బిగించారు. ఎవరి పని వాళ్లు చక్కగా చేసుకుపోయారు. అటుగా వెళ్లేవాళ్లు ఆ గడప దగ్గర ఆగి, వేలితో అంచు రాసి చూసి, బాగుందని వెళ్లేవాళ్లు.

ఎండలు ముదిరాక ఒకరోజు మధ్యాహ్నం పని ఆపించి, మా వింగువాళ్లందర్నీ పెద్ద షెడ్డులో కూర్చోబెట్టారు. ఈ బిల్డింగులో రేపు జరగబోయేదేమిటో పనివాళ్లకి కూడా తెలియాలని భద్రతా ఆఫీసు పట్టుబట్టిందట. భూతద్దం చెప్పాల్సింది, గొంతు పోయింది. బదులుగా మా కోడలు లేచి నిలబడింది. నేను వెనక వరసలో కూర్చుని అటూ ఇటూ చూశాను, అందరూ వింటున్నారా లేదా అని. పక్కవాడు కునుకు తీస్తుంటే మోచేత్తో పొడిచాను.

ఆమె బల్ల మీద ఒక వెడల్పాటి పళ్లెం, ఒక సన్నటి గ్లాసు, ఒక మగ్గుతో నీళ్లు పెట్టుకుంది. మగ్గులో నీళ్లు పళ్లెంలో పోసింది. పలచగా పరుచుకున్నాయి. మళ్లీ అన్ని నీళ్లే గ్లాసులో పోసింది. నిండుగా నిలబడ్డాయి.

"నీళ్లు అవే. లోతే మారింది," అంది. "ఇక్కడికి రాబోయే పొడి నీళ్లల్లో కలిసి పలచగా పరుచుకుంటే ఏమీ కాదు. కడిగేసుకోవచ్చు. అదే ఒకచోట లోతుగా పోగైందనుకోండి, దానంతట అదే లోపల ఓ చర్య మొదలవుతుంది. మంట కనిపించదు, పొగ రాదు. కానీ ఆ గదిలో ఉన్న మనిషి బతకడం కష్టం. అందుకే ఇక్కడ పాత్రలు సన్నగా చేస్తారు. అందుకే వాటిని దూరదూరంగా పెడతారు."

ముందు వరసలోంచి ఇనుము కట్టేవాడొకడు, "అచ్చం మా అన్నదమ్ముల్లాగే మేడం! విడివిడిగా ఉంటే అందరం బుద్ధిమంతులమే" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసి, "కరెక్టుగా చెప్పారు. వాళ్లు గుంపు కట్టకుండా చూడడమే మన పని" అంది. తర్వాత పళ్లెం పక్కన వేలు పెట్టి చూపించింది. "తడి గది నేల ఈ పళ్లెం లాంటిది. అందుకే వాలు లేదు, తూము లేదు. ఏం కారినా పలచగా పరుచుకుని, గుమ్మంలోంచి నడవాలోకి పోవాలి. అక్కడ వెడల్పాటి తొట్లుంటాయి. ఆ గదిలో ఏదీ ఎక్కడా రెండు వేళ్ల లోతుకి మించి నిలవకూడదు."

అప్పటిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. రెండు వేళ్లు అనగానే నా చేతిని నేనే చూసుకున్నాను. నేను కట్టిన గడప మూడు వేళ్లు. పది మంది పట్టే గది, నలువైపులా గోడలు, గుమ్మానికి నా గడప. నేను ఆ గదిని పళ్లెంలోంచి గ్లాసుగా మార్చేశాను. చుట్టూ ఎవరికీ ఏమీ తట్టలేదు. గది గుమ్మానికి గడప ఉందనీ, బొమ్మలో అది లేదనీ రెండూ తెలిసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. మా కోడలికి తెలిసే దారే లేదు, ఆ గదిలోకి వెళ్లకూడదని సంతకం పెట్టింది కదా.

ఇంటికెళ్లి మా ఆవిడ పెట్టిన రూలుని ఆవిడ దగ్గరే తప్పాను. వంటింట్లో పక్కన నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ విని, "కట్టినవాళ్లే తీసేస్తే పోలా? దానికింత మొహం వేలాడేసుకోవడం ఎందుకు?" అంది.

నాకూ అదే తోచింది. ఆదివారం సైట్లో జనం ఉండరు. కొత్త గచ్చుకి నీళ్లు పట్టడానికని మేస్త్రీలను లోపలికి వదులుతారు. ఒక పూటలో గడప లేపేసి, కింద నున్నగా సర్ది, పూతవాళ్ల డబ్బాలో అడుగున మిగిలింది రాసేస్తే కనిపెట్టే మొనగాడు లేడు. తలుపు కింద సందొకటి మిగులుతుంది. అది తలుపులవాళ్లు కొలతలో చేసిన తప్పనుకుంటారు. గుట్టుగా చెయ్యాలన్న ఆలోచన మాత్రం నాదే, ఇంకెవరిదో కాదు. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది. నా పని ఎవరూ పగలగొట్టించలేదన్న మాట ఒకటి దక్కితే చాలనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే సంచిలో ఉలీ సుత్తీ వేసుకుని వెళ్లాను. తడి గదికి పోవాలంటే అవతలి వింగు మీదుగా పోవాలి. అక్కడ ఎవరో పనిచేస్తున్న చప్పుడు వినిపించింది. చూస్తే గళ్ల చొక్కా మేస్త్రి. ఆ వింగు నేలలన్నీ అతనివి, మా కోడలు చెప్పిన పాఠం వాళ్ల వింగుకి ఇంకా చెప్పలేదు. నాకన్నా పదిహేనేళ్లు చిన్న, మంచి చెయ్యి. గుమ్మం దగ్గర గొంతుక్కూచుని తాపీతో ఏదో రుద్దుతున్నాడు. నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"అన్నా, సమయానికొచ్చావు! నీ గడప చూసిన కాణ్నించీ నాకు మనసాగలేదనుకో. మొన్నొకటి కట్టా, ఇది రెండోది. మూడో గదికి రేపు పెట్టేస్తా. అంచు మాత్రం నీకొచ్చినంత గుండ్రంగా రావట్లేదు. ఓసారి చెయ్యి పెట్టి చూపించవూ?"

ఆ గదులు కూడా పొడి కరిగిన ద్రావకాలు నిలవ చేసే గదులే. నేను సంచి కింద పెట్టి, అతని పక్కన కూర్చుని, అంచు మీద వేలు రాశాను. బాగుందన్నాను. నిజంగా బాగానే ఉంది.

"మూడోది రేపు కట్టకు," అన్నాను. "ముందు నేను చెప్పేది ఒకటుంది. పొద్దున నాతో గేటు దగ్గరికి రా."

"ఏంటన్నా?"

"రేపు చెబుతాలే."

అక్కణ్నించే వెనక్కి తిరిగి బస్సెక్కాను. ఉలీ సుత్తీ సంచిలోంచి బయటికి తియ్యనేలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా కోడలితో, "అమ్మాయ్, నీకో సంగతి చెప్పాలి, గేటు అవతలిది" అన్నాను. మా ఆవిడ కంచం తియ్యలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

కోడలు చెయ్యి అడ్డం పెట్టింది. "మామయ్యా, ఆగండి. పని గురించేనా?"

"పని గురించే."

"అయితే ఇక్కడొద్దు. ఇక్కడ వింటే నేను వినకూడని చోట విన్నట్టవుతుంది. ఆ తర్వాత నేనేం రాసినా, ఇంట్లో మాట్లాడుకునే రాశారంటారు. పొద్దున మా ఆఫీసుకి రండి. సార్ ఉంటారు, నేనూ ఉంటా. అందరి ముందూ చెప్పండి." గొంతు తగ్గించి, "అంత పెద్దదా?" అంది.

"చిన్నదే. మూడు వేళ్లు."

ఆమెకి అర్థం కాలేదు, అడగనూ లేదు. ఆ పూట మాత్రం నీళ్ల చెంబు నా దగ్గరికి తనే జరిపింది.

పొద్దున గళ్ల చొక్కా మేస్త్రిని వెంటబెట్టుకుని ఆ రేకుల షెడ్డులోకి వెళ్లాను. అన్నేళ్ల పనిలో తనిఖీ వాళ్ల గుమ్మం నా అంతట నేను తొక్కడం అదే మొదటిసారి. భూతద్దం బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెబుతున్నంతసేపూ కోడలి వైపు చూడలేదు. ఆయన నా మొహాన్ని దగ్గర నుంచి పరీక్షగా చూసి, మా కోడలి వైపు తిరిగాడు.

"రాసుకోమ్మా."

ఆమె లేచి నిలబడింది. "సార్, ఆయన మా మామగారు. రిజిస్టర్లో ఉంది."

"తప్పు లేదని రాయడానికి చుట్టరికం అడ్డం గానీ, తప్పుందని రాయడానికేం అడ్డమమ్మా? కూర్చో, రాయి. కింద నేనూ సంతకం పెడతా."

ఆమె కాగితం ముందేసుకుంది. కలం మూత రెండుసార్లు తీసి పెట్టింది. తర్వాత నా వైపు చూసి, ఎవరో కొత్తమనిషితో మాట్లాడినట్టు, "మేస్త్రిగారూ, ఈ గడప కట్టమని మీకెవరైనా చెప్పారా?" అంది.

"లేదండీ." నా నోటి నుంచి అండీ దానంతట అదే వచ్చేసింది.

"మరెందుకు కట్టారు?"

"నీళ్లు బయటికి పోకూడదని. బాగుంటుందని."

ఆమె రాస్తూ ఉంది. రాయడం ఆపకుండానే, "ఇంకేమైనా చెప్పాలా?" అంది.

"అవతలి వింగులో ఇంకో రెండున్నాయి. అవి ఈయన కట్టాడు. ఈయన తప్పేం లేదు, నాది చూసి ముచ్చటపడి కట్టాడు."

గళ్ల చొక్కా మేస్త్రి బిక్కమొహం వేసుకుని నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. కోడలు కలం ఆపింది. అప్పుడు మొదటిసారి ఆమె మొహం మారింది. మూడు గదులు! ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను నిన్న ఉలి తీసి, నాదొక్కటే గుట్టుగా లేపేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, ఆమెకి తెలియదు. ఆ మాట కూడా చెప్పేశాను. ఆదివారం ఎందుకొచ్చానో, సంచిలో ఏం తెచ్చానో అంతా. అదీ రాసుకుంది.

సైటు ఇంజనీరుని పిలిపించారు. వస్తూనే నా మీద విరుచుకుపడ్డాడు. "నిన్నెవడు కట్టమన్నాడు మేస్త్రీ? బొమ్మలో ఉందా?"

భూతద్దం అందుకున్నాడు. "బొమ్మలో గడప లేదు, సరే. ఎందుకు లేదో బొమ్మలో ఎక్కడ రాశారు?"

"మేస్త్రికి అదంతా ఎందుకండీ?"

"ఆ మాటన్నారు కాబట్టే మూడు గడపలు లేచాయి."

ఆ రోజు ఇంకో కాగితం కూడా తయారైంది. సంతకం పెట్టాక మళ్లీ ఆ గది మొహం చూడనందుకు భూతద్దం తన మీద తనే రాసుకున్నాడు. అంతమంది అటుగా నడిచి, కొలిచి, పూసి, బిగించి కూడా బొమ్మ తిప్పి చూడలేదు కదా, అందరికీ తలా ఒక వాక్యం దక్కింది. రెండు వింగుల్లోనూ పదకొండు రోజులు పని ఆగింది. ప్రతి గది గుమ్మం దగ్గరా బొమ్మలు పట్టుకుని మళ్లీ చూశారు. ఆ తర్వాత నుంచి మాకిచ్చే ప్రతి బొమ్మ మీదా ఒక మూల తెలుగులో నాలుగు వాక్యాలు రాసి ఉండేవి, ఏది ఎందుకు ఉందో, ఏది ఎందుకు లేదో. మేస్త్రీలం వాటిని పేపర్లో వార్తల్లా పైకి చదువుకునేవాళ్లం.

గడప నేనే పగలగొడతానన్నాను. కూలీలు చేస్తార్లే అన్నారు, ఒప్పుకోలేదు. మంచి మాలు కదా, అంత తేలిగ్గా రాలేదు. దాంతోపాటు కింద నేల కూడా రెండడుగుల మేర లేచింది, ఆ అద్దంలాంటి నేల. నాకు ఏడుపొచ్చింది. దుమ్మని చెప్పాను. గళ్ల చొక్కా మేస్త్రి నమ్మినట్టు తల ఊపి, అవతలి వింగుకి వెళ్లి తన రెండు గడపలూ తనే పగలగొట్టుకున్నాడు. అతనూ దుమ్మనే చెప్పాడట. కొత్త మాలు కలిపి, ఆ రెండడుగులూ అతుకు తెలియకుండా వెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మొదటి వానకి ముందు రోజు నీళ్ల పరీక్ష పెట్టారు. గది మధ్యలో డ్రమ్ముతో నీళ్లు వదిలారు. అందరం నడవాలో నిలబడి చూస్తున్నాం. నీళ్లు నాలుగు వైపులా పరుచుకుని, ఎక్కడా ఆగకుండా, పలచగా గుమ్మం దాకా వచ్చి బయటికి పారాయి. జనం బూట్లు తడుస్తాయని వెనక్కి గెంతారు. ఇంజనీరైతే ఒంటికాలి మీద నిలబడ్డాడు. నేను కదల్లేదు. చల్లగా పాదాల కిందికి వచ్చాయి. ఆ ఎండల్లో హాయిగా అనిపించింది.

ఆ వారంలోనే బస్సులో మా కోడలు వెనక వరసలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంట్లో రూలు ఎప్పుడు పోయిందో తెలియదు. మా ఆవిడే రోజూ, "ఇవాళ ఎవరి మీద కాగితం రాశావే?" అని కోడల్ని అడగడం మొదలుపెట్టింది. తడి గదిలో పెట్టబోయే పాత్రలు ఎంత సన్నగా ఉంటాయో ఇప్పుడు ఆవిడకి నాకన్నా బాగా తెలుసు. మావాడు రైలు దిగి ఇంటికొస్తే, ముగ్గురం ఒకేసారి మాట్లాడుతుంటే బిత్తరపోయి చూసేవాడు.

వానలు పట్టాక ఒక సాయంత్రం కోడలు సంచిలోంచి ఒక కవరు తీసి నాకిచ్చింది. "మీ మీద రాసిన కాగితం నకలు మామయ్యా. కేసు మూసేశారు. సంబంధించినవాళ్లకి ఒకటివ్వాలి."

నేను తీసుకుని మడత విప్పకుండా జేబులో పెట్టుకోబోయాను. మళ్లీ చదువుకోవాల్సినంత గొప్ప సంగతేం కాదు కదా. మా ఆవిడ లాక్కుంది. కళ్లజోడు తెచ్చుకుని, దీపం కిందికి జరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివింది. గది పేరు, తేదీ, గడప ఎత్తు. లోపం ఎవరి పని అన్న గడిలో, నేల మేస్త్రి అని ఉంది. ఆవిడ నా వైపు ఓసారి చూసి కిందికి వెళ్లింది. లోపం కనిపెట్టినది ఎవరు అన్న గడి వచ్చింది. అక్కడ చదవడం ఆపేసింది.

"ఏం రాసిందే?" అన్నాను.

"ఇక్కడా నేల మేస్త్రి అనే రాసింది." కోడలి వైపు తిరిగింది. "ఇదేంటే, రెండు గళ్లలోనూ ఒకటే రాశావు? ఒక్క చోటన్నా ఈయన పేరు రాయొచ్చు కదా?"

కోడలు తడి గొడుగు మూలకి పెడుతూ, "పేరెందుకత్తయ్యా," అంది. "ఆ సైట్లో నేల మేస్త్రి అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇంకెవరు?"